అండమాన్ టూర్: కోదాడ నుంచి బయల్దేరే ముందు ఈ లెక్కలు చూసుకోండి.. చివరి రాత్రి ఎక్కడ ఉండాలో తెలుసా?

'అండమాన్ సముద్రంలో అల్పపీడనం'.. వానాకాలం అయిపోయాక టీవీలో తరచూ వినిపించే మాట ఇది. ఐకేపీ సెంటర్‌లో ధాన్యం పోసి కాంటా కోసం ఎదురుచూసే కోదాడ, మిర్యాలగూడ రైతులకైతే ఆ మాట వింటేనే గుండెల్లో రాయి పడుతుంది. పట్టాలు ఎక్కడ ఉన్నాయా అని వెతుక్కుంటారు.

అదే వార్తను అండమాన్ టూర్‌కు టికెట్లు బుక్ చేసుకున్న ఫ్యామిలీ కూడా చెవులు రిక్కించి వినాలి. ఎందుకంటే అక్కడ ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లాలంటే పడవే దిక్కు. సముద్రం బాగా లేకపోతే పడవ కదలదు. పడవ కదలకపోతే ఫ్లైట్ మిస్. అందరి టికెట్ డబ్బులూ నీళ్లలో పోసినట్టే.

2016 డిసెంబర్‌లో ఇదే జరిగింది. బంగాళాఖాతంలో తుపాను ప్రభావంతో హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. చివరికి నేవీ, కోస్ట్ గార్డ్ నౌకలు వెళ్లి వాళ్లను తీసుకురావాల్సి వచ్చింది. ఆ తర్వాత చెన్నైని వణికించిన వర్దా తుపాను అదే. అందుకే అండమాన్ టూర్‌లో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది హోటల్ కాదు, తేదీలు. ఏ నెలలో వెళ్లాలి? కోదాడ నుంచి ఎప్పుడు బయల్దేరాలి? చివరి రాత్రి ఎక్కడ ఉండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పేర్లతో తికమక పడొద్దు

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబర్‌లో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. అంతకుముందే, 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవికి షహీద్ ద్వీప్, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టికెట్ మీద ఒక పేరు, హోటల్ బుకింగ్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడాల్సిన పనిలేదు. రెండూ ఒకటే. స్థానికులు, ఆటోవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా పాత పేర్లే వాడుతుంటారు.

పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ వెళ్లడానికి భారతీయులకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరిదీ దగ్గర ఉండాలి. ఫ్లైట్‌కే కాదు, దీవుల మధ్య తిరిగే ఫెర్రీ టికెట్‌కు కూడా ఐడీ అడుగుతారు. చిన్నపిల్లలకు ఆధార్ లేకపోతే బర్త్ సర్టిఫికెట్ పెట్టుకోండి. నికోబార్ దీవులు వేరే సంగతి. అవి గిరిజన రక్షిత ప్రాంతం. మామూలు టూరిస్టులకు అక్కడికి ఎంట్రీ లేదు.

ఏ సెలవుల్లో వెళ్తే మంచిది?

మన దగ్గర పిల్లల స్కూల్ సెలవులు మూడు. దసరా, సంక్రాంతి, వేసవి. ఈ మూడూ అండమాన్‌కు ఒకేలా ఉండవు.

నైరుతి రుతుపవనాలు కేరళను తాకకముందే అండమాన్‌ను తాకుతాయి. మామూలుగా మే మూడు, నాలుగు వారాల్లోనే అక్కడ వానలు మొదలవుతాయి. అక్కడి నుంచి సెప్టెంబర్ దాకా వానలు, గాలులు, అలలు. కాబట్టి వేసవి సెలవుల్లో వెళ్లాలనుకుంటే ఏప్రిల్ చివర్లో గానీ, మే మొదటి పది రోజుల్లో గానీ ముగించుకోవడం మంచిది. 'పిల్లలకు జూన్ దాకా సెలవులే కదా' అని మే నెలాఖరుకు పెట్టుకుంటే రూమ్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సి రావొచ్చు.

దసరా సెలవులు వానాకాలం చివర్లో వస్తాయి. అదృష్టం బాగుంటే ఎండ, లేకపోతే ముసురు. నవంబర్, డిసెంబర్‌లో వాతావరణం బాగానే ఉంటుంది కానీ తుపాన్ల సీజన్ కూడా అదే. రోజూ వాతావరణ శాఖ బులెటిన్ చూసుకోవాల్సిందే.

వాతావరణం పరంగా చూస్తే జనవరి నుంచి ఏప్రిల్ వరకు బెస్ట్. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, నీళ్లు తేటగా కనిపిస్తాయి. అంటే సంక్రాంతి సెలవులు బాగా కలిసొస్తాయి. కానీ కోదాడ వాళ్లకు అక్కడే ఒక చిక్కు ఉంది.

సంక్రాంతికి హైవేతో జాగ్రత్త

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు డైరెక్ట్ ఫ్లైట్ ఉంటుంది. ప్రయాణం రెండు గంటల పైచిలుకు. కోదాడకు గన్నవరం ఎయిర్‌పోర్టే దగ్గర అయినా, అక్కడి నుంచి అండమాన్‌కు సాధారణంగా మధ్యలో ఫ్లైట్ మారాల్సి ఉంటుంది. రెండింటి ధర, సమయం పోల్చి చూసుకున్నాకే బుక్ చేసుకోండి.

కోదాడ నుంచి హైదరాబాద్ సుమారు 175 కిలోమీటర్లు. 65వ నంబర్ జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి వెళ్లకుండానే శంషాబాద్ చేరుకోవచ్చు. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర ఇదే హైవే ఎక్కొచ్చు. ఆర్టీసీ బస్సులో అయితే ఎల్బీ నగర్‌లో దిగి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే బస్సు గానీ, క్యాబ్ గానీ పట్టుకోవాలి.

మామూలు రోజుల్లో కారులో మూడు, మూడున్నర గంటలు చాలు. పండగ రోజుల్లో ఈ లెక్క పనిచేయదు. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపు వెళ్లే బండ్లతో పంతంగి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజాలు కిక్కిరిసిపోతాయి. పండగ అయ్యాక అదే జనం తిరుగు ప్రయాణం. అప్పుడు కోదాడ నుంచి హైదరాబాద్ వెళ్లే వైపు జామ్. అంటే కనుమ తర్వాత ఫ్లైట్ పెట్టుకున్న కోదాడ ఫ్యామిలీ సరిగ్గా ఆ రద్దీలోనే ఇరుక్కుంటుంది. ఆ రోజుల్లో అయితే ఒకరోజు ముందే హైదరాబాద్ చేరుకుని చుట్టాల ఇంట్లోనో, హోటల్‌లోనో పడుకోవడమే మేలు.

ఉదయం ఆరున్నరకు ఫ్లైట్ అనుకుందాం. ఎయిర్‌పోర్టులో నాలుగున్నరకల్లా ఉండాలి. కోదాడలో అర్ధరాత్రి పన్నెండున్నరకు బయల్దేరితే గానీ కుదరదు. నిద్రమత్తులో హైవే మీద డ్రైవింగ్ ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. రోజంతా పని చేసిన మనిషే రాత్రి స్టీరింగ్ పట్టుకోకుండా, పగలు నిద్రపోయిన డ్రైవర్‌ను పెట్టుకోండి.

షిప్‌లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా నుంచి ప్యాసింజర్ షిప్పులు నడుస్తాయి. అయితే విశాఖ నుంచి తక్కువగా ఉంటాయి. చెన్నై, విశాఖ రెండింటి నుంచీ దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. అంటే రెండు రోజుల పైనే సముద్రం మీద ఉండాలి. షెడ్యూల్ కూడా మారుతూ ఉంటుంది. టైమ్ ఉండి, సముద్ర ప్రయాణం అంటే ఇష్టం ఉన్నవాళ్లకు బాగుంటుంది. ఐదారు రోజుల సెలవుతో, పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు కుదరదు.

ఆవకాయ ఏ బ్యాగులో పెట్టాలి?

మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా పచ్చడి జాడీ లేకుండా కదలరు. నూనె పచ్చళ్లను చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపే అవకాశం ఎక్కువ. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, రెండు కవర్లు చుట్టి, చెక్-ఇన్ బ్యాగులో వేయండి. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం తీసుకెళ్లొద్దు. నూనె శాతం ఎక్కువ, త్వరగా అంటుకుంటాయని విమానాల్లో వాటిపై ఆంక్షలు ఉన్నాయి. పవర్ బ్యాంక్ దీనికి రివర్స్. అది చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు.

రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. టూర్ ఎన్ని రోజులో, అంతకంటే నాలుగైదు రోజులకు సరిపడా ఎక్కువే ఉంచుకోండి. పడవలు ఆగిపోయి చిక్కుకుపోతే చిన్న దీవిలో మీ కంపెనీ మాత్ర దొరక్కపోవచ్చు.

అక్కడ పొద్దు మన కంటే ముందే వాలుతుంది

ఇది చాలామందికి తెలియని విషయం. అండమాన్‌లోనూ మన గడియారమే. కానీ ఆ దీవులు కోదాడకు తూర్పున చాలా దూరంలో ఉన్నాయి. సూర్యుడు అక్కడ మన కంటే సుమారు 50 నిమిషాలు ముందుంటాడు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటేసరికే పొద్దు గుంకుతుంది. మే నెలలో తెల్లవారుజామున ఐదింటికే వెలుగు వచ్చేస్తుంది.

'మధ్యాహ్నం భోజనం చేసి, ఒక కునుకు తీసి, నాలుగున్నరకు బీచ్‌కు వెళ్దాం' అనుకుంటే అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది. హేవ్‌లాక్‌లో సూర్యాస్తమయానికి పేరున్న రాధానగర్ బీచ్‌కు చలికాలంలో మూడింటికే బయల్దేరాలి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ ఇది. చీకటి పడ్డాక సముద్రంలోకి దిగనివ్వరు. పొద్దున ఐదున్నరకు లేచి తిరిగి, రాత్రి ఎనిమిదికల్లా పడుకునేలా రోజును సర్దుకుంటే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుంది.

పడవ ప్రయాణం ఎలా?

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీలు, ప్రైవేట్ ఫెర్రీలు రెండూ ఉన్నాయి. ప్రైవేట్ వాటిలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఫెర్రీలో ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ టికెట్ చాలా తక్కువ ధరే. కానీ దీవుల్లో ఉండేవాళ్లకు బస్సు, రైలు అన్నీ అదే కాబట్టి సీటు దొరకడం కష్టం. సీజన్‌లో అయితే ఫ్లైట్ టికెట్‌తో పాటే ఫెర్రీ టికెట్ కూడా బుక్ చేసుకోవాలి.

టికెట్ మీద జెట్టీ పేరు చూసుకోండి. ఫీనిక్స్ బే జెట్టీ వేరు, హాడో జెట్టీ వేరు. ఒకదానికి వెళ్లాల్సింది ఇంకోదానికి వెళ్తే పడవ పోతుంది. బయల్దేరే టైమ్‌కు గంట ముందే అక్కడ ఉండాలి. పడవలో వాంతుల భయం ఉన్నవాళ్లు ఊళ్లోనే డాక్టర్‌ను అడిగి మాత్రలు తెచ్చుకోండి. కడుపు నిండా తిని ఎక్కొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే.. ఎందుకంటే?

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే. చాలా ప్యాకేజీల్లో రోజులు తగ్గించడానికి ఒక పని చేస్తుంటారు. పొద్దున హేవ్‌లాక్‌లో పడవ ఎక్కించి, పోర్ట్ బ్లెయిర్‌లో దింపి, అదే రోజు మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కిస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది. గాలి తిరిగి ఆ ఒక్క ఫెర్రీ రద్దయితే మాత్రం ఫ్లైట్ మీ కోసం ఆగదు. ఫెర్రీ వాళ్లు పడవ టికెట్ డబ్బులు వాపసు ఇస్తారేమో కానీ, ఫ్లైట్ టికెట్‌తో వాళ్లకు సంబంధం ఉండదు. నలుగురికి అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనాలంటే టూర్ మొత్తం ఖర్చు ఇంకోసారి పెట్టినట్టే.

కాబట్టి ఫ్లైట్ ముందురోజు రాత్రి కచ్చితంగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. ఐదు రాత్రులు, ఆరు రోజుల టూర్ అయితే ఇలా పెట్టుకోవచ్చు.

మొదటి రోజు: పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం, సాయంత్రం సెల్యులార్ జైలు, అక్కడి లైట్ అండ్ సౌండ్ షో.
రెండో రోజు: పొద్దున ఫెర్రీలో హేవ్‌లాక్, సాయంత్రం రాధానగర్ బీచ్.
మూడో రోజు: హేవ్‌లాక్‌లోనే స్కూబా గానీ, ఎలిఫెంట్ బీచ్ గానీ.
నాలుగో రోజు: నీల్ దీవి. రాత్రి అక్కడే.
ఐదో రోజు: పొద్దున ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్. మధ్యాహ్నం నుంచి షాపింగ్, రాత్రి బస.
ఆరో రోజు: ఫ్లైట్.

నాలుగు రాత్రులే ఉంటే నీల్ దీవిని వదిలేయండి. ఐదో రోజు బసను మాత్రం వదలొద్దు. ఐదో రోజు పొద్దున పడవ ఆగినా, మధ్యాహ్నం గానీ మర్నాడు పొద్దున గానీ ఇంకో దారి వెతుక్కోవడానికి టైమ్ ఉంటుంది.

ఈ ప్లాన్‌లో ఇంకో లాభం కూడా ఉంది. స్కూబా డైవింగ్ చేసినవాళ్లు వెంటనే ఫ్లైట్ ఎక్కకూడదు. నీటి లోతులో ఒత్తిడికి శరీరంలో కరిగిన నైట్రోజన్, విమానంలో పైకి వెళ్లగానే బుడగలుగా మారి ప్రాణాల మీదకు తేవొచ్చు. కనీసం 24 గంటలు గ్యాప్ ఇస్తే సేఫ్. మూడో రోజు స్కూబా, ఆరో రోజు ఫ్లైట్ అయితే ఆ భయమే లేదు. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి స్కూబా చేయొచ్చు. అయితే ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లొద్దు. ఫారంలో ఆరోగ్య వివరాలు అడిగినప్పుడు 'ఏం కాదులే' అని దాచొద్దు.

నీళ్లలో దిగేముందు బోర్డు చదవండి

అండమాన్ తీరంలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. అన్ని బీచ్‌లూ ప్రమాదమని కాదు. లైఫ్‌గార్డులు ఉన్న చోట, స్నానానికి గుర్తించిన హద్దులోనే దిగాలి. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు. కృష్ణా కాల్వలో, సాగర్ ఎడమ కాల్వలో ఈత కొట్టిన అనుభవం సముద్రంలో పనికిరాదు.

ఒడ్డున దొరికే పగడపు ముక్కలు, గవ్వలు, ఇసుక ఏవీ బ్యాగులో వేసుకోవద్దు. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో పట్టుకుంటారు. పిల్లల జేబులు కూడా ఒకసారి చూసుకోండి. జ్ఞాపకంగా గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో గానీ, లైసెన్స్ ఉన్న షాపులో గానీ కొని బిల్లు దాచుకోండి.

బారాటాంగ్ వెళ్తే కెమెరా లోపలే

సున్నపురాయి గుహల కోసం చాలామంది బారాటాంగ్ వెళ్తారు. ఆ రోడ్డు జారవా తెగ ఉండే రక్షిత అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్లన్నిటినీ వరుసగా, కాన్వాయ్‌గా పంపిస్తారు. మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున మూడింటికే లేవాలి. పెద్దవాళ్లకు, పసిపిల్లలకు ఇది కష్టమైన ప్రయాణం.

దారిలో బండి ఆపడం, ఫొటోలు, వీడియోలు తీయడం, జారవాలకు తినడానికి ఏదైనా ఇవ్వడం నేరం. జైలు శిక్ష కూడా పడుతుంది. ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే అక్కడ ప్రత్యేక చట్టం ఉంది. మనకు మామూలైన జలుబు, తట్టు లాంటివి కూడా వాళ్ల ప్రాణాలు తీయగలవు. ఇక నార్త్ సెంటినల్ దీవి దరిదాపులకు కూడా వెళ్లకూడదు. పడవవాడు 'దూరం నుంచి చూపిస్తా' అన్నా ఒప్పుకోవద్దు.

డబ్బు, ఫోన్, భాష

సముద్రం అడుగు నుంచి చెన్నై-అండమాన్ కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఇంటర్నెట్ బాగా మెరుగుపడింది. అయినా హేవ్‌లాక్, నీల్‌లో సిగ్నల్ అన్ని చోట్లా ఉండదు. ఫోన్‌పే మీదే ఆధారపడొద్దు. చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లోనే సరిపడా నగదు తీసుకోండి. టికెట్లు, హోటల్ బుకింగ్‌లు కాగితం మీద ప్రింట్ తీసుకోండి. ఎమర్జెన్సీకి 112. పెద్దాసుపత్రి జి.బి. పంత్ ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది.

భాష గురించి దిగులు వద్దు. అక్కడ అందరికీ హిందీ వస్తుంది. పైగా 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం తెలుగువాళ్లే. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎక్కడ భోజనం బాగుంటుందో, ఈ రోజు సముద్రం ఎలా ఉందో వాళ్లను అడిగితే చెప్తారు.

ఏజెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు

ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఈ ఐదు ప్రశ్నలు అడిగి, సమాధానాలు వాట్సాప్‌లో గానీ కాగితం మీద గానీ రాయించుకోండి. ఫ్లైట్ చార్జీ ప్యాకేజీలో కలిసే ఉందా? ఫెర్రీ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా? వాతావరణం వల్ల ఫెర్రీ రద్దయితే డబ్బులు ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు? అదనంగా ఉండాల్సి వస్తే రూమ్ ఖర్చు ఎవరిది? చివరి రాత్రి బస ఎక్కడ?

ఈ ఐదో ప్రశ్నకు 'హేవ్‌లాక్' అని సమాధానం వస్తే, అడ్వాన్స్ ఇవ్వకముందే ప్లాన్ మార్పించుకోండి.